ఒంగోలు ఆవు పాలలో మనం వినని కథ

ఒంగోలు ఆవు పాలు అనగానే ఇప్పుడు ఎవరి నోట విన్నా ఏ2 అనే మాటే. ప్యాకెట్ మీద ఆ ముక్క ఉంటే ధర పెరిగిపోతుంది. 2024 ఆగస్టులో మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పాల మీద ఏ1, ఏ2 అని రాసి అమ్మవద్దని చెప్పింది. వారం తిరక్కుండానే ఆ మాట వెనక్కి తీసుకుంది. ఇంత గొడవకూ మూలం చాలా చిన్నది. బీటా కేసిన్ అనే పాల ప్రోటీన్‌లో 209 ఎమైనో ఆమ్లాలు వరుసగా ఉంటాయి. 67వ చోట ప్రోలిన్ ఉంటే ఏ2, హిస్టిడిన్ ఉంటే ఏ1. డీఎన్ఏలో మారింది ఒకే ఒక్క అక్షరం. పాతది ఏ2, మన దేశవాళీ పశువుల్లో ఎక్కువగా ఉన్నది అదే. యూరప్ పశువుల్లో ఎప్పుడో ఆ అక్షరం మారి ఏ1 పుట్టింది. ఏ1 పాల వల్ల జబ్బులు వస్తాయనడానికి తగిన రుజువు కనపడలేదని 2009లో యూరప్ ఆహార భద్రతా సంస్థ చెప్పింది.

ఎవరికి నచ్చిన పాలు వాళ్లు తాగుతారు, దానితో నాకు పేచీ లేదు. నా బాధ వేరే. ఒక్క అక్షరం మారినందుకే ఇంత మాట్లాడుకుంటున్నాం కదా, అసలు పాలలో తీపి ఎలా వచ్చిందో ఎవరూ మాట్లాడరు. ఆ కథలో అక్షరాలు మారడం ఒక్కటే సరిపోలేదు. అంతకుముందే ఒక జన్యువు మొత్తానికి ఇంకో నకలు పడాల్సి వచ్చింది.

చిన్నప్పుడు జీవపరిణామం పాఠం చెబుతుంటే నాకో సందేహం వచ్చింది. ఉత్పరివర్తన అంటే నకలు రాసేటప్పుడు పడే తప్పు అని చెప్పారు. చక్కగా పనిచేసే జన్యువులో తప్పు పడితే ఆ పని చెడిపోవాలి గదా, కొత్తది ఎలా పుడుతుంది అని అడిగాను. అది పరీక్షలో రాదు, కూర్చోమన్నారు. ఆ ప్రశ్న తప్పేమీ కాదని నాకు తెలిసేసరికి చాలా ఏళ్లు పట్టింది. ఈ రోజుకీ చదువుకున్నవాళ్లు, తెలివైనవాళ్లు అదే ప్రశ్న దగ్గర ఆగిపోయి పరిణామం అంతా ఊహ అనుకుంటారు.

జవాబు మా పెదనాన్న వ్యవసాయంలో ఉంది. కొత్త విత్తనం వచ్చిందంటే ఆయన ఐదెకరాల్లోనూ వేసేవాడు కాదు. నాలుగున్నర ఎకరాల్లో ఎప్పటిలాగే నెల్లూరు మసూరి నాటి, కాలవ పక్కన అరెకరంలో మాత్రం కొత్తది వేసేవాడు. ఆ అరెకరం పాడైనా ఇంట్లో తిండిగింజలకు లోటు రాదు. పండిందంటే మరుసటి ఏడాదికి ఇంకాస్త వేసేవాడు. జన్యువుకు రెండో నకలు పడటం అంటే జీవికి ఆ అరెకరం దొరకడమే. పాత నకలు పాత పని చూసుకుంటుంది. రెండో నకలులో ఎన్ని తప్పులు పడినా జీవి బతికే ఉంటుంది.

ఒక తేడా మాత్రం ఉంది. మా పెదనాన్న ఆలోచించి వేశాడు, ఇక్కడ ఆలోచించేవాళ్లు ఎవరూ లేరు. అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు రెండు డీఎన్ఏ పోగులు పక్కపక్కన చేరి ముక్కలు మార్చుకుంటాయి. ఒకేలా ఉన్న వరసలు కొంచెం ఎగుడుదిగుడుగా జతపడితే ఒక పోగుకు జన్యువు రెండుసార్లు వస్తుంది, రెండోదానికి అసలే రాకుండా పోతుంది. నకళ్లు పడే దారులు ఇంకా ఉన్నాయి గానీ మన కథకు ఇది చాలు.

నకలు నుంచి కొత్త పని పుట్టవచ్చన్న సంగతి 1930ల్లోనే పసిగట్టినవాళ్లలో జన్యు శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ ఒకరు. ఇంగ్లండ్ వదిలి భారత పౌరసత్వం తీసుకుని 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన ఆయన, తన దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు ఇవ్వమని రాసిపెట్టారు. తెలుగు విద్యార్థులు ఆ దేహం మీద పాఠం నేర్చుకున్నారని తలుచుకుంటే నాకు మనసు నిండుతుంది. ఆ తర్వాత 1970లో సుసుము ఓనో అనే శాస్త్రవేత్త, కొత్త జన్యువులు పుట్టడానికి అసలు దారి నకళ్లేనని ఏకంగా ఒక పుస్తకం రాశారు.

ఇక ఆవు దగ్గరకు వద్దాం. మన కన్నీళ్లలో, ఉమ్మిలో లైసోజైమ్ అనే ఎంజైమ్ ఉంటుంది. జలుబు చేసిన మనిషి ముక్కు చీమిడిలో దాన్ని కనిపెట్టి 1922లో ప్రకటించింది అలెగ్జాండర్ ఫ్లెమింగ్. బ్యాక్టీరియా గోడను కోసి చంపడం దాని పని. చాలా పాత కావలి జన్యువు అది. క్షీరదాలు పుట్టకముందే దానికో నకలు పడింది. ఆ నకలు మారుతూ మారుతూ బ్యాక్టీరియాను కోసే గుణాన్ని పోగొట్టుకుంది, పొదుగులో ఇంకో ఎంజైమ్‌కు తోడుగా నిలిచి లాక్టోజ్ అనే పాల చక్కెరను తయారుచేయించే పనిలో కుదిరింది. దాని పేరు ఆల్ఫా లాక్టాల్బుమిన్. ఈ రెండు ప్రోటీన్లూ ఒకే ఇంటివని 1967లో వాటి ఎమైనో ఆమ్లాల వరస పోల్చి చూసినప్పుడు బయటపడింది. పాలు తాగే ప్రతి బిడ్డకూ అందే తీపి, క్రిములను చంపే జన్యువు నకలు నుంచి వచ్చింది. ఏ2 ముద్ర కన్నా ఇది నాకు ఎంతో పెద్ద విషయంగా కనిపిస్తుంది.

అక్కడితో ఆగలేదు. జొన్న చొప్ప తిని నెమరు వేసే ఆవుకు ఆ గడ్డిని పులియబెట్టి అరిగించేది కడుపులోని సూక్ష్మజీవులే. తర్వాత ఆ సూక్ష్మజీవులు నాలుగో గదిలోకి జారితే, అక్కడ ఆవు వాటినే అరిగించుకుంటుంది. అందుకు అవసరమైన కత్తెర మళ్లీ లైసోజైమే. ఆవులో ఈ జన్యువుకు దాదాపు 10 నకళ్లు ఉన్నాయి. వాటిలో కొన్ని కడుపులో పనిచేస్తాయి, అక్కడి ఆమ్లానికి తట్టుకునేలా మారాయి. మార్కాపురం దాటి నల్లమల వైపు వెళితే దారి పక్కన కొండముచ్చులు కనిపిస్తాయి. అవీ ఆకులు తిని కడుపులో పులియబెట్టుకునేవే. 1987లో అల్లన్ విల్సన్ అనే శాస్త్రవేత్త బృందం కొండముచ్చు లైసోజైమ్‌ను ఆవు లైసోజైమ్‌తో పోల్చింది. దగ్గరి చుట్టరికం లేని ఆ రెండింటిలో కొన్ని చోట్ల సరిగ్గా ఒకే మార్పులు విడివిడిగా వచ్చి ఉన్నాయి. మార్పు పడటం యాదృచ్ఛికం, నిలబడటం మాత్రం అవసరాన్ని బట్టి. దీనికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

నకలు పడిన ప్రతిసారీ పంట పండుతుందని చెబితే అబద్ధం అవుతుంది. ఎక్కువ నకళ్లు తప్పులు పేరుకుని మూగబోతాయి. వాసన పట్టే జన్యువులు ఆవులో దాదాపు 1,000 పనిచేస్తుంటే మనిషిలో 400 మాత్రమే మిగిలాయి. అంతకు తక్కువ కాకుండా చచ్చిపడిన నకళ్లు మన డీఎన్ఏలో ఇంకా ఉన్నాయి. మామూలు మార్పుల సంగతీ అంతే. పుట్టే ప్రతి బిడ్డలో తల్లిదండ్రుల్లో లేని కొత్త మార్పులు 60, 70 దాకా ఉంటాయి, వాటిలో చాలావాటి వల్ల మంచీ లేదు, చెడూ లేదు. అణు స్థాయిలో జరిగే మార్పుల్లో ఎక్కువ ఇలాంటివేనని 1968లో జపాన్ శాస్త్రవేత్త మోటూ కిమురా వాదించినప్పుడు పెద్ద గొడవే జరిగింది.

కొన్నిసార్లు నకలు మారనక్కర్లేదు, సంఖ్య పెరిగితే చాలు. నెల్లూరు సాయంత్రాల్లో మనల్ని కుట్టే క్యూలెక్స్ దోమ జాతిలో, క్యాలిఫోర్నియాలో దొరికిన ఒక రకం పురుగుమందుకు లొంగలేదు. మందును పట్టేసే ఎస్టరేజ్ జన్యువుకు దానిలో కనీసం 250 నకళ్లు ఉన్నట్టు 1986లో తేలింది. ఒకే మందును మళ్లీ మళ్లీ కొట్టే ఊళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి.

మిరప చేలో కోతకు దిగిన ఆడవాళ్లను చూడండి. పచ్చికాయ వదిలేసి పండుకాయ మాత్రమే చకచకా తెంపుతారు. చేను గట్టున నిలబడ్డ ఎద్దుకు ఆ ఎరుపూ ఆకుపచ్చా ఇంచుమించు ఒకటే, దాని కంట్లో రంగులు పట్టే కణాలు రెండు రకాలే. మన పూర్వీకులైన కోతి జాతుల్లో 3 నుంచి 4 కోట్ల ఏళ్ల కిందట ఒక రంగు జన్యువుకు నకలు పడి, ఒకటి ఎరుపు వైపు, ఒకటి ఆకుపచ్చ వైపు సర్దుకున్నాయి. ఇప్పటికీ ఆ రెంటి ప్రోటీన్లూ 96 శాతం ఒకటే. ఎక్స్ క్రోమోజోమ్ మీద పక్కపక్కనే ఉన్నాయి. అంత పోలిక ఉండటం వల్లే జతపడేటప్పుడు పొరపాటు జరిగి ఒక్కోసారి ఒకటి జారిపోతుంది. మగవాళ్లకు ఎక్స్ ఒక్కటే కాబట్టి వర్ణాంధత్వం వాళ్లలోనే ఎక్కువ. చూపును ఇచ్చిన పొరపాటే కొందరి దగ్గర దాన్ని తీసేసుకుంటోంది. కల్లంలో తాలు కాయలు ఏరలేకపోతున్నాడని ఒక కుర్రాడిని తిట్టే ముందు ఇది తెలిసి ఉంటే బాగుండు.

2023లో కేంద్ర పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో వారసత్వం, పరిణామం అనే పాఠం నుంచి పరిణామాన్ని తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు వద్దని ఉత్తరం రాశారు. పదితో సైన్స్ వదిలేసే పిల్లలే మన జిల్లాల్లో ఎక్కువ. వాళ్లకు ఈ సంగతి ఇక ఎప్పుడు చెబుతారు? ఆ పాఠం తిరిగి రావాలి. వచ్చేటప్పుడు జిరాఫీ మెడతో సరిపెట్టకుండా నకళ్ల సంగతి కూడా చెప్పాలి. అది లేకుండా చెబితే నేను అడిగిన ప్రశ్న దగ్గరే ఇంకో తరం ఆగిపోతుంది.

ల్యాబ్ లేదని ఎవరూ అనక్కర్లేదు. మధ్యాహ్న భోజనంలో ఒక ముద్ద అన్నాన్ని మింగకుండా నిమిషం నమలమంటే చాలు, నోట్లో తీపి తేలుతుంది. పిండిపదార్థాన్ని చక్కెరగా విరిచే అమైలేజ్ పని అది. చింపాంజీలో ఉమ్మి అమైలేజ్ జన్యువు 2 నకళ్లే, మనుషుల్లో చాలామందికి అంతకన్నా ఎక్కువ, పిండిపదార్థం బాగా తినే జనాల్లో ఇంకా ఎక్కువ. మెతుకుల కోసం బడి గేటు దగ్గర కాచుకుని ఉన్న కుక్కను కూడా పిల్లలకు చూపించవచ్చు. దాని పూర్వీకుడైన తోడేలులో అన్నం అరిగించే ఆ జన్యువు క్లోమంలో పనిచేసేది, 2 నకళ్లే. మన పక్కన చేరి మన మెతుకులు తిన్న కుక్కలో 4 నుంచి 30 దాకా ఉన్నాయి.