బడి ఇస్తే సోమరులవుతారా?

"విదేశాల్లో బడులు కట్టించే సేవ పెద్ద మోసం: 6 నిజాలు" అనే మెసేజ్ ఇప్పుడు నేనున్న గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. వాకింగ్ గ్రూపు, పాత విద్యార్థుల గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, చివరికి బంధువుల గ్రూపు కూడా. మన గుంటూరు కుర్రాళ్లు కొందరు ఆఫ్రికా దేశం మలావీలోని ఒక పల్లె బడికి రెండు గదులు, ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టించాలని చందాలు అడగడం మొదలుపెట్టాకే దీనికి ఊపొచ్చింది. పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. సగం మంది టీచర్లుగా రిటైరైనవాళ్లు. నా కోపమంతా అందుకే.

మొదటి పాయింటు: విదేశాలకు విరాళం పంపడం విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నేరమట. ఆ చట్టం బయటి నుంచి మన దేశంలోకి వచ్చే విరాళాల గురించి. మనం బయటికి డబ్బు పంపడానికి రిజర్వు బ్యాంకు వారి ఎల్‌ఆర్‌ఎస్ (లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్) పద్ధతి ఉంది. ఏడాదికి 2,50,000 డాలర్ల దాకా పంపుకోవచ్చు, విరాళాలు కూడా అందులోకే వస్తాయి. ఆదాయపు పన్నులో 80జీ మినహాయింపు మాత్రం రాదు. అంతకుమించి ఇందులో చెప్పేదేం లేదు.

మూడోది: ముందు మన పిల్లల సంగతి చూడాలట. చూడొద్దని ఎవరన్నారు? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు ఈ కుర్రాళ్లే బెజవాడ వెళ్లి, నడుంలోతు నీళ్లలో పాల ప్యాకెట్లు మోశారు. బెజవాడలో చేసినవాళ్లే ఇప్పుడు మలావీకీ చేస్తున్నారు.

రెండో పాయింటు దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. "మనం ఎప్పుడూ ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు" అని రాశారు. గుంటూరులో కూర్చుని ఈ మాట ఎలా ఫార్వర్డ్ చేశారండీ? అమెరికా లూథరన్ చర్చిలు పంపిన మిషనరీ హేయర్ గారు గుంటూరు వచ్చింది 1842లో. ఆ మిషన్ బళ్లే పెరిగి 1885 నాటికి ఏసీ (ఆంధ్రా క్రిస్టియన్) కాలేజీ దాకా వచ్చాయి. అదే మిషన్‌లో 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ గారి పేరుతోనే మనం ఇప్పటికీ కుగ్లర్ ఆస్పత్రి అంటున్నాం. విజయవాడలో లయోలా కాలేజీని జెసూట్ ఫాదర్లు 1953లో మొదలుపెట్టారు. వాళ్లకు మత ప్రచారం ఉద్దేశం లేదా అంటే, ఉంది. కానీ ఆ బెంచీల మీద కూర్చుని బాగుపడినవాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు, ఈ మెసేజ్ పంపినవాళ్లు కూడా ఉన్నారు.

పోనీ అవి పాత సంగతులనుకుందాం. ఎలిమెంటరీ బళ్లో కేర్ అనే అమెరికా సంస్థ పెట్టించిన ఉప్మా తిన్న రోజులు కూడా మర్చిపోయారా? ఇంటి నుంచి సత్తు గిన్నె పట్టుకెళ్లి వరసలో నిలబడేవాళ్లం. బడి వెనక మూడు రాళ్ల పొయ్యి మీద గుండిగ ఉండేది. పచ్చగా, ముద్దగా ఉండే ఆ ఉప్మాలో అడుగంటిన మాడు వాసన వచ్చినా గిన్నె నాకేసేవాళ్లం. ఆ మొక్కజొన్న, సోయా పిండి అమెరికా నుంచి ఓడల్లో వచ్చింది. ఈ రోజు మలావీ బళ్లలో పొద్దున్నే పిల్లలకు మగ్గుల్లో పోసే జావను లికుని ఫాలా అంటారు. అది కూడా మొక్కజొన్న, సోయా పిండితో కాచేదే! మేరీస్ మీల్స్ అనే స్కాట్లండ్ సంస్థ 2002లో అక్కడ 200 మంది పిల్లలతో దీన్ని మొదలుపెట్టింది. ఇప్పుడు చాలా దేశాల్లో కలిపి 20 లక్షల మందికి పైగా పిల్లలకు బడి ఉన్న ప్రతి రోజూ పెడుతోంది. ఆ జావ కాచేది పిల్లల తల్లులే. వంతులు వేసుకుని, తెల్లారకముందే వచ్చి పొయ్యి ముట్టిస్తారు. జీతం లేదు.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని అయిదో పాయింటు. "ఉచితంగా ఇస్తే విలువ తెలియదు. ఆ జనం సోమరులవుతారు. చదువు మీద ఆసక్తి ఉంటే వాళ్లే ఫీజు కట్టుకుంటారు."

మలావీ 1994లో ప్రాథమిక బళ్లలో ఫీజులు తీసేసింది. అప్పటిదాకా సుమారు 19 లక్షల మంది పిల్లలు బడికి వెళ్తుంటే, ఒక్క ఏడాదిలో ఆ సంఖ్య 30 లక్షల దాకా వెళ్లింది. గదులు చాలలేదు, చెట్ల కింద క్లాసులు పెట్టారు. నవంబరులో వానలు మొదలైతే ఆ చెట్టు కింద క్లాసు ఉండదు, పిల్లలు ఇంటికెళ్లాల్సిందే. ఆ రెండు గదులు అందుకే అడుగుతున్నారు. కెన్యాలో 2003 జనవరిలో ఫీజులు ఎత్తేస్తే కొత్తగా 10 లక్షల మందికి పైగా పిల్లలు బళ్లోకి వచ్చారు. మరుసటి ఏడాది కిమానీ మరుగే అనే 84 ఏళ్ల తాత యూనిఫాం వేసుకుని ఒకటో తరగతిలో చేరాడు. వీళ్లందరికీ ఆసక్తి ఉచితం అన్నాక పుట్టుకొచ్చిందా? ఆసక్తి ఎప్పుడూ ఉంది. లేనిది ఫీజు డబ్బులు.

ఫీజు పెడితే ఎవరు ఆగిపోతారో మీకు తెలుసు. ముగ్గురు పిల్లలుండి ఒక్కరికే కట్టగలిగితే ఇంట్లో ఎవరిని పంపుతారు? మన ఇళ్లలో మన అక్కల్ని ఎందుకు మాన్పించారు? అఫ్గానిస్తాన్ ఘోర్ ప్రాంతంలో 2007లో కొన్ని పల్లెలకు ఊళ్లోనే బడి పెట్టి, మిగతా పల్లెలతో పోల్చి చూశారు. మొత్తం 31 పల్లెలు, 1,490 మంది పిల్లలు. బడి దగ్గరికి రాగానే పిల్లలందరి చేరికా పెరిగింది. మగపిల్లలకూ ఆడపిల్లలకూ చేరికలో ఉన్న 21 శాతం పాయింట్ల తేడా పూర్తిగా చెరిగిపోయింది. ఆ నాన్నలు మారలేదు, ఆ ఊళ్ల కట్టుబాట్లు మారలేదు. బడి నడిచి వెళ్లగలిగేంత దగ్గరకొచ్చింది, అంతే.

ఇక సోమరితనం. మన కుర్రాళ్లు పంపిన లెక్క చదవండి. మట్టి తొక్కి ఇటుకలు పోసి కాల్చేది ఊరివాళ్లు. ఇసుక, నీళ్లు నెత్తిన మోసి తెచ్చేది వాళ్ల ఆడవాళ్లు. మన చందా సిమెంటుకు, పైకప్పు రేకులకు, మేస్త్రీ కూలికి. ఇంత చేసేవాళ్లను సోమరులని రాసి, కింద నవ్వే బొమ్మ పెట్టి, నలుగురికి పంపడానికి మనసెలా ఒప్పింది? మన సర్కారు బళ్లలో పుస్తకాలు ఉచితం, మధ్యాహ్న భోజనం ఉచితం. ఆ పిల్లలకు మీరే జీవితమంతా పాఠాలు చెప్పారు. భోజనం పెట్టినందుకు వాళ్లు సోమరులయ్యారా? మీ నోటితో మీరే చెప్పండి మాస్టారూ.

నాలుగో పాయింటు, డబ్బు తినేస్తారు, కట్టిన బడులు ఖాళీగా పడి ఉంటాయని. ఇందులో నిజం ఉంది. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్‌లలో బడులు కట్టించి ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న అమెరికన్ గ్రెగ్ మోర్టెన్‌సన్ మీద ఇవే ఆరోపణలతో 2011లో టీవీలో కథనం వచ్చింది. 2012లో మోంటానా అటార్నీ జనరల్ విచారణ తర్వాత ఆయన తన సంస్థకు సుమారు 10 లక్షల డాలర్లు తిరిగి కట్టాల్సి వచ్చింది. అలాగే కెన్యాలో ఉచితంగా పాఠ్యపుస్తకాలు ఇచ్చి చూస్తే, అంతకుముందే బాగా చదివే పిల్లలకు తప్ప మిగతావాళ్లకు మార్కులు పెరగలేదు. పుస్తకాలు ఇంగ్లిష్‌లో ఉన్నాయి మరి, అది చాలామందికి ఇంట్లో వినపడని భాష. అయితే ఇండొనేషియా 1973 నుంచి అయిదారేళ్లలో 61,000కు పైగా ప్రాథమిక బడులు కట్టి, టీచర్లను కూడా వేసింది. ఆ పిల్లలు ఎక్కువ ఏళ్లు చదివారని, పెద్దయ్యాక ఎక్కువ సంపాదించారని 2019లో నోబెల్ అందుకున్న ఎస్తేర్ డుఫ్లో లెక్క తేల్చారు. కాబట్టి అడగాల్సింది అడగండి. టీచరు జీతం ఎవరిస్తారు? రేకు ఎగిరిపోతే ఎవరు బాగు చేయిస్తారు? రసీదులు చూపిస్తారా? ఇవి అడక్కుండా అందరూ దొంగలేనంటే ఎలా?

ఆరోది, వారం రోజులు వెళ్లి గోడలకు రంగులేసి, పిల్లల్ని ఎత్తుకుని సెల్ఫీలు దిగి వస్తారని. ఇది అక్షరాలా నిజం, మెసేజ్ రాసినాయన కంటే గట్టిగా నేనంటాను. రంగు వేయడానికి అక్కడ మనుషులు లేరా? విమానం టికెట్ డబ్బు అక్కడి మేస్త్రీ చేతికి కూలిగా వెళ్లాలి. తల్లిదండ్రుల్ని అడక్కుండా పిల్లల ముఖాలు మన స్టేటస్‌లో పెట్టుకునే హక్కు మనకు లేదు. కుర్రాళ్లకు ఈ మాటే చెప్పాను, తామెవరూ వెళ్లబోమని ఒప్పుకున్నారు. టీచర్లు ప్రభుత్వం వేసినవాళ్లేనని, మరమ్మతులు ఊరి కమిటీ చూసుకుంటుందని కాగితం చూపించారు. నా చందా ఇచ్చాను.

మీరు ఇవ్వకపోతే ఫర్వాలేదు, అది మీ ఇష్టం. ఆ మెసేజ్ మళ్లీ పంపాలనుకుంటే అయిదో పాయింటు తీసేసి పంపండి.