క్లోజాను ‘హెడర్ల వీరుడు’ అని సరిపెట్టేస్తే ఎలా?

జర్మనీ ఫుట్‌బాల్ స్ట్రైకర్ మిరోస్లావ్ క్లోజా గొప్పతనమంతా తలతో కొట్టిన గోల్సేనని (హెడర్లేనని) ఆయన గురించి వచ్చిన ఒక వ్యాసంలో తేల్చేశారు. ఈ మాటతో నేను ఏకీభవించను. 2002 ప్రపంచకప్‌లో ఆయన 5 గోల్సూ హెడర్లే, కాదనను. కానీ 2014 జులై 8న బెలో హొరిజాంటెలో బ్రెజిల్ మీద కొట్టిన గోల్ మళ్లీ చూడండి. మొదటి షాట్‌ను గోల్‌కీపర్ జూలియో సీజర్ ఆపేశాడు. బంతి వెనక్కి రాగానే అందరికంటే ముందు కదిలింది 36 ఏళ్ల క్లోజానే, కాలితోనే లోపలికి పంపేశాడు. అది ప్రపంచకప్‌లలో ఆయన 16వ గోల్. బ్రెజిల్ రొనాల్డో 15 గోల్స్ రికార్డు బ్రెజిల్ గడ్డ మీదే బద్దలైంది!

పోలండ్‌లో పుట్టి, చిన్నప్పుడే జర్మనీ వచ్చి, వడ్రంగి పని నేర్చుకుంటూ కింది డివిజన్లలో ఆడినవాడు. పెద్ద క్లబ్ అకాడమీలో పెరిగినవాడు కాడు. జర్మనీ క్లబ్బులు కైజర్స్‌లాటర్న్, బ్రెమెన్, బాయెర్న్, ఆపై ఇటలీ క్లబ్ లాజియో... ప్రతి మెట్టూ కష్టపడి ఎక్కిందే. దేశం తరఫున 137 మ్యాచుల్లో 71 గోల్స్. ఆయన గోల్ కొట్టిన ఏ మ్యాచ్‌లోనూ జర్మనీ ఓడలేదు.

అన్నిటికంటే నాకు బాధ కలిగించింది, 2012లో లాజియో తరఫున నాపోలితో ఆడిన మ్యాచ్ ప్రస్తావనే లేకపోవడం. కార్నర్ కిక్‌లో వచ్చిన బంతి క్లోజా చేతికి తగిలి గోల్‌లోకి వెళ్లింది, రెఫరీ గోల్ ఇచ్చేశాడు. క్లోజా తనే ఒప్పుకొని రద్దు చేయించుకున్నాడు. లాజియో 3-0తో ఓడింది. అయినా సరే, క్లోజా కెరీర్ గురించి రాసేవాళ్లు ఆ నిమిషాన్ని వదిలేయకూడదు.