ఎనిమిది గంటల డొమినికా

డొమినికా పేరు మన వార్తల్లో గట్టిగా వినపడింది, నాకు గుర్తున్నంతలో, రెండుసార్లు. పంజాబ్ నేషనల్ బ్యాంక్ కేసు నిందితుడు మెహుల్ చోక్సీ 2021 మే నెలలో అక్కడ పట్టుబడినప్పుడు ఒకసారి. 2023 జూలైలో అక్కడి విండ్సర్ పార్కులో యశస్వి జైస్వాల్ తన మొదటి టెస్టులోనే 171 కొట్టి, అశ్విన్ 12 వికెట్లు తీసి, మ్యాచ్ మూడో రోజుకే అయిపోయినప్పుడు ఇంకోసారి. ఇప్పటికీ చాలామంది దాన్ని డొమినికన్ రిపబ్లిక్ అనుకుంటారు. అది వేరే దేశం. ఇది కరీబియన్ సముద్రంలో గ్వాడలూప్‌కీ మార్టినీక్‌కీ మధ్య ఉన్న చిన్న ద్వీపం. 1978లో బ్రిటన్ నుంచి స్వాతంత్ర్యం వచ్చింది. విస్తీర్ణం 750 చదరపు కిలోమీటర్లు, అంటే ఈ మధ్య విస్తరించక ముందున్న జీహెచ్ఎంసీ కంటే కాస్త ఎక్కువ. జనాభా సుమారు 70 వేలు.

ఈ ద్వీపానికి నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి న్యూజెర్సీలోని మూడు తెలుగు కుటుంబాలతో కలిసి, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యనీ మామయ్యనీ తీసుకుని, క్రిస్మస్ సెలవుల్లో క్రూయిజ్ ఓడలో. రెండోసారి మేమిద్దరమే, విమానంలో, తొమ్మిది రోజులకి. రెండూ ఒకే ద్వీపానికి చేసిన ప్రయాణాలంటే నాకే నమ్మబుద్ధి కాదు. అమెరికాలో ఉండే మనవాళ్ళు ఏటా పెద్ద సంఖ్యలో కరీబియన్ క్రూయిజ్‌లు ఎక్కుతున్నారు కాబట్టి ఈ తేడా గురించి మనం మాట్లాడుకోవాలి. అది ఇష్టాయిష్టాల దగ్గర ఆగే విషయమని నేను అనుకోవడం లేదు. మనం అక్కడ రాత్రి ఉంటామా, సాయంత్రానికి వెళ్ళిపోతామా అన్నదాన్ని బట్టే ఆ ద్వీపంలో ఎవరి చేతికి డబ్బు వస్తుందో తేలుతుంది.

మా ఓడ పొద్దున ఎనిమిదింటికి రాజధాని రోసోలో ఆగింది. ఐదింటికి బయల్దేరుతుంది, నాలుగున్నరకల్లా అందరూ ఎక్కేయాలి. రోసో జనాభా సుమారు 15 వేలు. ఒక పెద్ద ఓడ నుంచి మూడు నాలుగు వేల మంది ఒకేసారి దిగితే ఊరి రూపమే మారిపోతుంది. మేం ఓడలోనే ముందుగా టూర్ కొనుక్కున్నాం. వ్యాన్‌లో ట్రఫాల్గర్ జలపాతాలకి వెళ్ళాం, ఫొటోలు తీసుకున్నాం, గంధకం వాసన వచ్చే వేడినీళ్ళలో కాళ్ళు పెట్టాం. వచ్చేటప్పుడు బొటానిక్ గార్డెన్‌లో ఆపారు. 1979లో డేవిడ్ తుపానుకి ఒక పెద్ద బావోబాబ్ చెట్టు కూలి పసుపు రంగు స్కూల్ బస్సును నలిపేసింది. బస్సును అలాగే ఉంచారు, చెట్టు మళ్ళీ చిగురించింది. పిల్లలకి బాగా నచ్చింది అదే. ఒంటిగంటన్నరకి రేవు దగ్గరికి వచ్చేశాం.

అక్కడ మేం చేసిన పని ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. ఆకలేసి భోజనానికి ఓడ ఎక్కేశాం. డబ్బు ముందే కట్టేశాం కదా, బయట మళ్ళీ ఎందుకు ఖర్చు అనుకున్నాం. రేవుకి ఎదురుగానే పాత మార్కెట్ ఉంది. ఒకప్పుడు బానిసల్ని వేలం వేసిన చోటు అది. ఇప్పుడు అక్కడ ఆడవాళ్ళు బుట్టలు, మసాలాలు, సబ్బులు అమ్ముతారు. వాళ్ళ ముందు నుంచే నడిచి వెళ్ళాం. మా ఒక్క కుటుంబమే కాదు, ఓడలోవాళ్ళు చాలామంది అదే చేశారు. అంతకుముందు వ్యాన్‌లో డ్రైవర్ పక్కన కూర్చున్న నేను, మేం కట్టిన టూర్ ధర ఎంతో చెప్పి అందులో మీకెంత వస్తుందని అడిగాను. సగం కన్నా తక్కువేనన్నాడు. కోపంగా చెప్పలేదు, లెక్క చెప్పినట్టు చెప్పాడు.

క్రూయిజ్ కంపెనీల సంఘం 2023-24 సీజన్‌కి చేయించిన అధ్యయనం ప్రకారం ప్రయాణికుడు ఒక్కో మజిలీలో సగటున ఖర్చు పెట్టేది 100 డాలర్లకి కాస్త ఎక్కువ. పరిశ్రమ సొంతంగా చేయించుకున్న లెక్కే అంత. ఆ సగటును పైకి లాగేవి వజ్రాలు, గడియారాల దుకాణాలు వరసగా ఉండే సెయింట్ థామస్, సెయింట్ మార్టిన్ లాంటి చోట్లు. అలాంటి దుకాణాలు లేని, కొండలూ అడవులూ మాత్రమే ఉన్న డొమినికాలో జనం ఏం కొంటారు? ఒక మంచినీళ్ళ సీసా, ఒక టీషర్ట్, ఒక ఫ్రిజ్ మాగ్నెట్. ఏటా ఈ ద్వీపానికి ఓడలో వచ్చి పోయేవాళ్ళు, వచ్చి రాత్రి ఉండేవాళ్ళ కంటే కొన్ని రెట్లు ఎక్కువ. పైగా ఓడలు వచ్చేది ఎక్కువగా అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకానే. ఆ తర్వాత రేవు ఖాళీ.

మరి పన్ను పెంచుకోవచ్చు కదా అని అడగొచ్చు. ప్రయత్నించారు. 1990ల చివర్లో తూర్పు కరీబియన్ దేశాలు చెత్త పారబోసే ఏర్పాట్ల కోసం ఓడ ప్రయాణికుడికి ఒకటిన్నర డాలర్ల రుసుము పెట్టాయి. గ్రెనడా దాన్ని వసూలు చేస్తానంటే ఒక పెద్ద క్రూయిజ్ కంపెనీ ఆ దేశానికి ఓడలు పంపడం మానేసింది. ఒకటిన్నర డాలర్ల కోసం! 2024 చివర్లో మెక్సికో పార్లమెంటు తలకి 42 డాలర్ల పన్ను ఆమోదించింది. బేరాలు జరిగాక 2025 జూలైలో అది 5 డాలర్లతో మొదలైంది, దశలవారీగా పెంచుతామన్నారు. మెక్సికో అంత పెద్ద దేశానికే ఈ పరిస్థితి అయితే 70 వేల జనాభా ఉన్న డొమినికా ఏం బేరమాడగలదు? హోటల్ కట్టినవాడు దాన్ని మోసుకుని పక్క ద్వీపానికి పోలేడు. ఓడవాడు పోగలడు. ఈ వ్యాపారంలో బలాబలాలన్నీ అక్కడే ఉన్నాయి.

ఇప్పుడు వాళ్ళకి పక్క దేశం కూడా అక్కర్లేదు, సొంత ద్వీపాలే ఉన్నాయి. హైతీలోని లాబడీ తీరాన్ని రాయల్ కరీబియన్ 1986లో లీజుకి తీసుకుంది. బహామాస్‌లో అదే కంపెనీకి కోకోకే, డిస్నీకి కాస్టవే కే ఉన్నాయి. 2025 జూలైలో కార్నివాల్ గ్రాండ్ బహామా మీద సెలబ్రేషన్ కీ తెరిచింది. వీటిలో చాలాచోట్ల ఓడలో వాడే కార్డే ఒడ్డు మీదా చెల్లుతుంది. కొబ్బరిబోండం కొన్నా, గొడుగు అద్దెకి తీసుకున్నా డబ్బులో పెద్ద భాగం కంపెనీ ఖాతాకే. పిల్లలకి నీళ్ళజారుడు బల్లలుంటాయి, వాళ్ళు ఆనందిస్తారు, కాదనను. కానీ అది కరీబియన్ చూడటం అనిపించుకోదు.

ఇక రెండో ప్రయాణం. డొమినికాకి భారతీయులకి వీసా అక్కర్లేదు. అమెరికాలో వీసా మీద ఉంటున్నవాళ్ళు తిరిగి రావడానికి ఆ వీసా స్టాంపు మాత్రం చెల్లుబాటులో ఉండాలి. 2021 డిసెంబర్ నుంచి మయామీ నుంచి నేరుగా విమానం ఉంది, 2025లో నూవర్క్ నుంచి కూడా మొదలైంది. విమానాశ్రయం ఈశాన్యంలో ఉంటుంది, రోసోకి చేరాలంటే కొండదారిలో గంటకి పైనే. మేం కొండ మీద లోడా అనే ఊళ్ళో ఒకావిడ ఇంట్లో గది తీసుకున్నాం.

మొదటి రాత్రి భోజనానికి పెట్టిన సూప్ చూసి మా ఆవిడ చామాకు అని గుర్తుపట్టింది. నిజమే, కలలూ అని వాళ్ళు పిలిచే ఆ సూప్ చామాకుతోనే చేస్తారు. చామదుంపని దసీన్ అంటారు. పక్కన ఉడకబెట్టిన సీమపనస. రెండ్రోజుల తర్వాత తూర్పు తీరంలో కలినాగోలు ఉండే ప్రాంతానికి వెళ్ళాం. కొలంబస్ రాకముందు నుంచీ ఈ ద్వీపం వాళ్ళది. 1903లో బ్రిటిష్ ప్రభుత్వం వాళ్ళకి 3,700 ఎకరాలు కేటాయించింది. ఆ భూమి ఇప్పటికీ ఉమ్మడిదే, ఎవరూ అమ్ముకోవడానికి లేదు. 2023లో డొమినికాకి అధ్యక్షురాలైన సిల్వనీ బర్టన్ ఈ కలినాగోల మనిషే. అక్కడ కర్రపెండలం తురిమి, విషం పోయేలా రసం పిండేసి, పెద్ద పెనం మీద రొట్టెలు కాలుస్తున్నారు. సామర్లకోట వైపు సగ్గుబియ్యం మిల్లులు చూసిన నాకు ఆ వాసన కొత్తగా అనిపించలేదు. చామ మన ఆసియా నుంచి వాళ్ళ దగ్గరికి పోయింది, కర్రపెండలం దక్షిణ అమెరికా నుంచి మన గోదావరి జిల్లాలకి వచ్చింది. ఆ పొయ్యి పక్కన కూర్చుని అరగంట మాట్లాడుకుంటే గానీ ఇది మాకు తట్టలేదు. నాలుగున్నరకి ఓడ ఎక్కాలన్న టెన్షన్ ఉంటే ఆ అరగంట ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకొకటి, మరిగే సరస్సు. యునెస్కో 1997లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిన మోర్న్ త్రువా పితోన్ జాతీయ పార్కులో ఉంది. సుమారు 60 మీటర్ల వెడల్పు, కింద నుంచి వచ్చే అగ్నిపర్వత వేడికి నీళ్ళు కుతకుతలాడుతుంటాయి. లోడా నుంచి వెళ్ళి రావడానికి ఆరేడు గంటల నడక. పొద్దున్నే చలిలో బయల్దేరి, బురదలో జారుతూ, ఆవిర్లు చిమ్మే లోయ దాటి వెళ్ళాలి. ఈ ద్వీపంలో అన్నిటికన్నా అరుదైనది ఇదే. ఎనిమిది గంటల అతిథికి ఇది అందదు. రేవు నుంచి ఊరికి, మళ్ళీ రేవుకి పట్టే సమయం కూడా కలుపుకుంటే అంత సాహసం ఎవరూ చెయ్యరు.

మేం కట్టిన డబ్బు ఎవరికి చేరిందో ఈసారి నేను పేర్లతో సహా చెప్పగలను. గది ఇచ్చినావిడకి, ఆమె తమ్ముడి వ్యాన్‌కి, గైడ్‌కి, కూరగాయలమ్మిన పెద్దావిడకి, రొట్టె కాల్చిన కుటుంబానికి. మధ్యలో ఎవరూ లేరు.

ఉండిపోయేవాళ్ళ విలువ ఏంటో తెలియాలంటే ద్వీపం ఉత్తరాన ఉన్న పోర్ట్స్‌మత్ కథ వినాలి. రాస్ మెడికల్ యూనివర్సిటీ దాదాపు నలభై ఏళ్ళు అక్కడ నడిచింది. కరీబియన్‌లో ఎంబీబీఎస్ లాంటి చదువులకి వెళ్తున్న తెలుగు పిల్లల గురించి మనకి తెలుసు కదా, అలాగే అమెరికా నుంచి వచ్చిన విద్యార్థులు అక్కడ నెలల తరబడి అద్దెకుండేవాళ్ళు. ఊళ్ళో ఇళ్ళు, తిండి బండ్లు, ట్యాక్సీలు వాళ్ళ మీద ఆధారపడి బతికాయి. 2017 సెప్టెంబర్ 18న మరియా తుపాను వచ్చింది. దేశంలో పదిళ్ళలో తొమ్మిదింటి పైకప్పులు దెబ్బతిన్నాయి. నష్టం దేశపు ఏడాది ఉత్పత్తికి రెండు రెట్ల పైనే. రాస్ యూనివర్సిటీ బార్బడోస్‌కి వెళ్ళిపోయింది. మళ్ళీ ఓడలు వచ్చాయి, ప్రయాణికులు వచ్చారు. కానీ పోర్ట్స్‌మత్‌లో అద్దెకుండే ఆ పిల్లల లోటుని పగటిపూట వచ్చిపోయేవాళ్ళు ఎంతమంది వచ్చినా తీర్చలేరు. ఒకరు గది అద్దె, రోజూ కూరలు, బట్టలు ఉతికించుకోవడం, జ్వరమొస్తే మందులు. ఇంకొకరు ఒక మంచినీళ్ళ సీసా.

ఇదంతా చదివి క్రూయిజ్ మానేయమంటున్నానని అనుకోవద్దు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి, చంటిపిల్లలున్నవాళ్ళకి ఓడ ఎంత సుఖమో మా అత్తయ్యనీ మామయ్యనీ చూసి తెలుసుకున్నాను. రోజుకో హోటల్ మారక్కర్లేదు, సామాను మోయక్కర్లేదు, శాకాహారం దొరుకుతుంది. ఓడలో వెళ్ళినా కొన్ని పనులు మన చేతిలోనే ఉన్నాయి. రేవు గేటు బయట లైసెన్సున్న ట్యాక్సీవాళ్ళు ఉంటారు, వాళ్ళతో నేరుగా మాట్లాడుకోవచ్చు. ఓడ తన టూర్‌కి వెళ్ళినవాళ్ళ కోసమే ఆగుతుంది, సొంతంగా వెళ్ళినవాళ్ళ కోసం ఆగదు అన్న మాట నిజమే. ఆ భయంతోనే ఓడ టూర్లు అమ్ముడుపోతాయి. గంటన్నర ముందే తిరిగొచ్చేలా చూసుకుంటే దాదాపు ఎప్పుడూ ఇబ్బంది రాదు. అన్నిటికన్నా ముఖ్యం, మధ్యాహ్నం భోజనం ఊళ్ళో తినండి.

ప్రభుత్వం కూడా ఒక నిర్ణయం తీసుకోవాల్సి ఉంది. రోసో లోయ నుంచి మరిగే సరస్సు దగ్గరికి ఆరు కిలోమీటర్లకి పైగా కేబుల్ కార్ నిర్మాణం మొదలుపెట్టారు. అది నడిస్తే ఓడవాళ్ళు కూడా సరస్సు చూసి సాయంత్రానికి వెళ్ళిపోవచ్చు. మామయ్య లాంటివాళ్ళకి అది మంచి వార్త. కానీ ఇన్నాళ్ళూ ఆ సరస్సు కోసమైనా జనం ఒక రాత్రి ఉండేవాళ్ళు. ద్వీపంలో బస చేసేవాళ్ళకి టికెట్ ధర తగ్గించి, పొద్దున మొదటి గంటలు వాళ్ళకే ఇచ్చి, ఓడవాళ్ళ టికెట్‌లో ఒక భాగం లోడా గైడ్లకి కేటాయిస్తే కొంత న్యాయం జరుగుతుంది. లేకపోతే ఆ రాత్రులు కూడా పోతాయి.

ఏప్రిల్‌లో లోడాలో మాకు గది ఇచ్చినావిడ వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. సీజన్ ఆఖరి ఓడ రోసో నుంచి వెళ్ళిపోతోంది. అక్టోబర్ దాకా గదులన్నీ ఖాళీయేనని రాసింది. జూన్ మొదటి వారానికి రెండు గదులు కావాలని, అత్తయ్య మామయ్యలకి మెట్లు లేని గదయితే బాగుంటుందని జవాబు పెట్టాను.