ఓసీటీ రిపోర్టు మీది ఆకుపచ్చ రంగు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆకుపచ్చ రంగు గారికి,

నమస్కరించి రాయునది. ఉత్తరాన్ని ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టడం మర్యాద. కానీ మా కళ్లు కుశలమో కాదో తేల్చే అధికారం మీ చేతిలో ఉంది కనుక ఆ మాట రాసే సాహసం చేయలేకపోతున్నాము. మీరు మాత్రం కుశలమేనని తెలుసు. దృష్టినాడిని దెబ్బతీసే గ్లాకోమా అనుమానంతో ఓసీటీ, అంటే కంటిపొరల మందాన్ని కాంతితో కొలిచే స్కాన్, తీయించుకున్న ఎంతోమంది కాగితాల మీద నిగనిగలాడుతూనే ఉన్నారు.

మీరు పుట్టేది ప్రింటర్లో. అంతకుముందు జరిగే తతంగం మీ దాకా వచ్చి ఉండదు కాబట్టి చెబుతున్నాము. ముందు గడ్డాన్ని ఒక ప్లాస్టిక్ ఆనుపు మీద పెట్టాలి. నుదుటిని పట్టీకి ఆనించాలి. లోపల ఎక్కడో ఒక చిన్న వెలుగు గుర్తు కనిపిస్తుంది, దాన్నే చూస్తూ ఉండాలి. “రెప్ప వేయకండి” అంటారు. ఆ మాట చెవిన పడేదాకా గుర్తే లేని రెప్ప, అప్పటినుంచి వాలిపోతానని మారాం మొదలుపెడుతుంది. సన్నని ఎర్రగీత ఒకటి చూపుకు అడ్డంగా జారిపోతుంది. కొన్ని సెకన్లలో పని అయిపోతుంది. ఆ తరువాత అందరూ ప్రింటర్ వైపు తిరుగుతారు.

కాగితం మీద ఎంత సరంజామా ఉంటుందో! దృష్టినాడి తల (ఆ నాడి కంటికి కలిసే చోటు) చుట్టూ దాదాపు 3.4 మిల్లీమీటర్ల వ్యాసంతో వలయం గీసి, ఆ దారి పొడవునా నాడీతంతువుల పొర మందాన్ని మైక్రాన్లలో (మిల్లీమీటరులో వెయ్యోవంతుల్లో) కొలిచి, ఆ వలయాన్ని ఒకచోట నాలుగు భాగాలుగా, ఇంకోచోట పన్నెండు గంటలుగా పంచి చూపిస్తారు. పైభాగంలోనూ కిందిభాగంలోనూ పొర దళసరిగా ఉంటుంది కనుక గ్రాఫు గీతకు రెండు మూపురాలు. ఇదంతా ఎవరు చూస్తారు? మీరు ఉన్నారా లేరా అని చూస్తారు. ఉంటే “అమ్మయ్య” అని కాగితం మడిచి ఫైల్లో పెట్టేస్తారు.

కొలత మీద మాకు ఏ ఫిర్యాదూ లేదని ముందే చెప్పాలి. ఒక్కో దృష్టినాడిలో సుమారు 10 నుంచి 12 లక్షల తంతువులు ఉంటాయి. గ్లాకోమా, పాత పేరుతో నీటికాసులు, వాటిని ఒక్కొక్కటిగా చంపుతుంది. పోయినవి తిరిగి మొలవవు. కంటి ఒత్తిడి చూసి సరిపెట్టుకుందామంటే, 21 మిల్లీమీటర్ల పాదరసం అనే హద్దు దాటకుండానే నాడి దెబ్బతిన్నవాళ్లు బోలెడంతమంది. కాబట్టి కంటి వెనక్కి వెళ్లి నాడినే చూడక తప్పదు.

చూడటం కూడా అంత తేలికగా రాలేదు. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1851లో ఆఫ్తాల్మోస్కోపును, అంటే కంటి లోపలికి చూసే పరికరాన్ని, లోకానికి పరిచయం చేసేదాకా బతికున్న మనిషి దృష్టినాడి తలను ఎవరూ సరిగా చూసి ఎరగరు. చూడగలిగిన తరువాత ఏమైంది? 1854 నాటికి గ్రేఫే, యేగర్ వంటి కంటివైద్య ఉద్దండులే గ్లాకోమా కంట్లోకి తొంగిచూసి, నాడి తల ఉబ్బి ఉందని రాశారు. నిజానికి అక్కడ ఉన్నది గుంట. ఒంటికంటితో, వెలుగునీడల ఆధారంగా లోతును అంచనా కట్టబోయి గుంటను గుట్ట చేశారు. కొద్దికాలంలోనే దిద్దుకున్నారు, అది వేరే సంగతి. గ్లాకోమా బొమ్మల చరిత్ర అలా తలకిందులుగా మొదలైంది.

ఆ తరువాత గుంట ఎంత పెద్దదో అంకెల్లో చెప్పే కప్-డిస్క్ నిష్పత్తి వచ్చింది. కప్ అంటే ఆ గుంట, డిస్కు అంటే నాడి తల. అదే కంటికి ఒక డాక్టరు 0.5 అని రాస్తే, పక్క గదిలో మరొకరు 0.7 అని రాయవచ్చు. పెద్ద డిస్కుతో పుట్టినవాడికి ఏ రోగమూ లేకుండానే పెద్ద గుంట ఉంటుంది. చిన్న డిస్కువాడికి జబ్బు ముదిరినా గుంట చిన్నగానే కనిపించి మోసం చేస్తుంది. ఇన్ని తగవుల మధ్య 1991లో ఓసీటీ పద్ధతి లోకానికి తెలిసినప్పుడు, కాంతి తరంగాల కలయికతో పొరల లోతును మైక్రాన్లలో చెప్పగలిగినప్పుడు, ఊపిరి పీల్చుకోవడం సహజమే. యంత్రం గుంటను గుంటే అంటుంది.

మా గొడవంతా ఆ యంత్రానికి మీరు రాసిపెట్టే తీర్పుతో.

మీ నియామకం ఎలా జరిగిందో విచారించాము. ఆరోగ్యవంతులని తేలిన కొన్ని వందలమంది కళ్లను కొలిచి ఒక పట్టిక కట్టారట. వయసును బట్టి సర్దుబాటు చేసి, కొత్తగా వచ్చిన కన్ను ఆ వరుసలో ఎక్కడ నిలుస్తుందో చూస్తారు. అట్టడుగు 5 శాతంలో పడకపోతే చాలు, సాధారణంగా మీరు ప్రత్యక్షం. 5కూ 1కీ మధ్యలో అయితే మీ తమ్ముడు పసుపు. చివరి 1 శాతంలో పడితే మీ అన్నగారు ఎరుపు. పట్టికలోని ఆ కొన్ని వందలమంది ఎవరో మాకు తెలియదు, మేము ఎవరమో వాళ్లకు తెలియదు. అయినా మా చూపు సంగతి వాళ్లను అడిగి చెబుతున్నారు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒకరి నాడీపొర సగటు మందం 105 మైక్రాన్లు అనుకోండి. దండిగా ఉన్నట్టే లెక్క. ఆరోగ్యవంతుల సగటు ఏ 90కో 100కో అటూ ఇటూ ఉంటుంది. కొన్నేళ్లకు అది 83కి దిగింది. అంటే ఉన్నదాంట్లో ఐదోవంతుకు పైగా పోయింది. అప్పుడు మీరేం చేశారు? మొదటి కాగితం మీద ఎంత పచ్చగా ఉన్నారో, రెండో కాగితం మీదా అంతే పచ్చగా ఉన్నారు. ఖాతాలో ఐదోవంతు సొమ్ము మాయమైందని ఖాతాదారు గగ్గోలు పెడుతుంటే, “మీకు ఇప్పటికీ మామూలుగా అందరికీ ఉండేంత ఉంది కదండీ” అని బ్యాంకు గుమాస్తా చిరునవ్వు నవ్వినట్టుంది మీ వరస.

పైగా ఆ ఖాతాదారుకే దొంగతనం తెలియదు. ఆ తంతువులు పుట్టే గాంగ్లియాన్ కణాల్లో పావు వంతు నుంచి మూడోవంతు దాకా పోయినా, చూపు ఎంతమేర ఉందో పరీక్షించే ఫీల్డ్ టెస్టులో లోపం స్పష్టంగా బయటపడకపోవచ్చు. పడిన చోట కూడా నల్లమచ్చ కనిపించదు. చుట్టుపక్కల దృశ్యాన్ని తెచ్చి మెదడు ఆ ఖాళీని పూడ్చేస్తుంది. ఒక కంటి లోటును రెండో కన్ను భర్తీ చేస్తుంది. కంట్లో ఇన్ని ఉపకారాలు చేసేవాళ్లు ముందే ఉన్నారు. కాగితం మీద మీరు కూడా చేరి అభయహస్తం చూపిస్తే ఇక అడిగేదెవరు?

డాక్టర్లు ఊరుకోలేదు లెండి. రోగం ఉన్నా రిపోర్టు పచ్చగా వచ్చే పరిస్థితిని ‘ఆకుపచ్చ జబ్బు’ అని పిలుస్తున్నారు. మీ పేరు మీద ఏకంగా ఒక జబ్బే వెలిసింది. కెమెరా కనిపెట్టినవాళ్లకు కూడా ఆ వైభోగం దక్కలేదు.

మీకు కనిపించనిది ఇంకొకటి చూపిస్తాను. కుడికంటి ఫండస్ ఫొటో, అంటే కంటి లోపలి వెనుకభాగం ఫొటో, తీసుకోండి. నారింజరంగు రెటీనా మీద లేత పసుపు డిస్కు, మధ్యలో తెల్లటి గుంట. డిస్కు అంచున, గడియారంలో 7 గంటలు ఉండే చోట, గోటిగీరంత సన్నని ఎర్రచార. అది నాడి అంచున చిందిన రక్తం. కొన్ని వారాల్లో ఆనవాలు లేకుండా పోతుంది. అనుభవం ఉన్న డాక్టరు ఆ చారను చూస్తే ఆగిపోతారు. జబ్బు కదులుతోందనడానికి అదొక గుర్తు. ఆ పక్కనుంచే నాడీపొరలో సన్నని చీలిక విసనకర్ర ఆకారంలో బయటికి పరుచుకుని ఉండవచ్చు. ఆకుపచ్చ కాంతిలో తీసిన ఫొటోలో అది నల్లటి పట్టీలా ఇంకా బాగా తేలుతుంది. గమనించారా, అక్కడ ఉపయోగపడింది మీ రంగు కాంతే, మీ తీర్పు కాదు. మందం కొలిచే మీ పట్టికలో రక్తపు చారకు గడి లేదు. చీలిక సన్ననిది కనుక పక్కనున్న దళసరి భాగంతో కలిసి సగటులో కరిగిపోతుంది. సగటు గడిలో మళ్లీ మీరే.

మీ అన్నగారి గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఎక్కువ మైనస్ పవర్ ఉన్నవాళ్ల కనుగుడ్డు పొడవుగా ఉంటుంది. డిస్కు ఒకపక్కకు వాలుతుంది. తంతువుల కట్టలు చెవి వైపుకు జరిగిపోతాయి. గ్రాఫులో మూపురాలు ఉండాల్సిన చోట ఉండవు. అంతే, అన్నగారు విరుచుకుపడతారు. అలాంటి కళ్లను పట్టిక కట్టేటప్పుడే చాలావరకు పక్కన పెట్టేసి, వాళ్లు రాగానే పట్టికలో లేరని శిక్ష వేయడం ఎక్కడి న్యాయం? శుక్లం వల్ల కాంతి సరిగా లోపలికి పోకపోయినా, కన్ను పొడిబారినా, పొర ఉన్నదానికన్నా పలచగా కొలతకు వస్తుంది. సిగ్నల్ బలం, అంటే స్కాన్ ఎంత స్పష్టంగా వచ్చిందో చెప్పే అంకె, కొన్ని యంత్రాల్లో 10కి 6 కన్నా తక్కువైతే ఆ స్కాన్‌ను నమ్మవద్దని యంత్రం తయారుచేసినవాళ్లే అంటారు. ఆ అంకెను మాత్రం మూలన, చిన్న అక్షరాల్లో అచ్చు వేస్తారు. అన్నగారికి మాత్రం పేజీ మధ్యలో సింహాసనం.

ఇప్పుడు మీకు కొత్త బంధువులు వచ్చారు. ఫండస్ ఫొటో ఒక్కటి ఇస్తే చాలు, గ్లాకోమా ఉందో లేదో కంప్యూటరే చెబుతుందంటున్నారు. వాటి చూపును తీసిపారేయలేము. 2018లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రెటీనా ఫొటో చూసి అది ఆడవారిదో మగవారిదో చాలావరకు సరిగ్గా చెప్పింది ఒక కృత్రిమ మేధ. ఏ కంటి డాక్టరుకూ చేతకాని పని అది. కానీ గ్లాకోమా విషయంలో దానికి పాఠం చెప్పిన గురువులు చాలావరకు ఇందాకటి 0.5, 0.7 డాక్టర్లే.

లెక్క కూడా కాస్త చూద్దాం. 40 నుంచి 80 ఏళ్ల మధ్య వయసువాళ్లలో ప్రపంచవ్యాప్తంగా నూటికి మూడున్నరమందికి గ్లాకోమా ఉంటుందని అంచనా. వెయ్యిమందిని కెమెరా ముందు కూర్చోబెడితే రోగులు 35 మంది. యంత్రం రోగులను 95 శాతం కచ్చితంగా పడుతుందనీ, ఆరోగ్యవంతులను 95 శాతం కచ్చితంగా వదిలేస్తుందనీ ఉదారంగా ఒప్పుకుందాం. 33 మంది దొరుకుతారు. మంచిదే. మిగిలిన 965 మందిలో మరో 48 మందికి కూడా అదే పిలుపు వెళుతుంది. అంటే కంగారుపడి డాక్టరు దగ్గరికి పరుగెత్తినవాళ్లలో సగానికి పైగా ఏ జబ్బూ లేనివాళ్లే. అలాగని కెమెరాలు కట్టిపెట్టమనడం లేదు. సంపన్న దేశాల్లోనే గ్లాకోమా ఉన్నవాళ్లలో దాదాపు సగంమందికి ఆ సంగతి తెలియదు. జల్లెడగా కెమెరా పనికొస్తుంది. జల్లెడను జడ్జి కుర్చీలో కూర్చోబెట్టినప్పుడే మాకు అభ్యంతరం.

జబ్బు ఏ దశలో ఉందో చెప్పడం కూడా మీ కుటుంబం పనేనని కొందరు అనుకుంటున్నారు. 1993 నుంచి వాడుకలో ఉన్న పద్ధతి ప్రకారం చూస్తే దశను నిర్ణయించేది ఫీల్డ్ టెస్టు. సగటు లోటు 6 డెసిబెల్స్ (ఇక్కడ ఇది శబ్దానికి కాదు, చూపు సున్నితత్వానికి కొలత) లోపు ఉంటే తొలిదశ, 6 నుంచి 12 దాకా మధ్యదశ, 12 దాటితే తీవ్రదశ. ఫీల్డ్ టెస్టు అంటే చీకటి గిన్నెలోకి చూస్తూ, మినుకుమన్న ప్రతి చుక్కకూ బటన్ నొక్కే ఆ విసుగుపుట్టించే పరీక్షే. ఎవరికీ ఇష్టం ఉండదు. ఓసీటీతో సరిపెట్టేయమని డాక్టర్లను బతిమాలేవాళ్లు కూడా ఉన్నారు. కానీ నాడీపొర పలచబడుతూ పలచబడుతూ 50 మైక్రాన్ల దరిదాపుల్లో ఆగిపోతుంది. తంతువులు పోయినా ఆధారకణాలు, రక్తనాళాలు అక్కడే మిగులుతాయి కాబట్టి కొలత అంతకన్నా దిగదు. ఆ తరువాత చూపు ఇంకా కుంచించుకుపోతున్నా కాగితంలో కదలిక ఉండదు. నడవడానికి చాలినంత చూపు ఉన్నవాడిదీ ఎరుపే, సొరంగంలోంచి చూస్తున్నవాడిదీ అదే ఎరుపు. అంతకన్నా ఎర్రబడటం మీ అన్నగారికి చేతకాదు.

అందుకని మా విన్నపం. మీరు రాజీనామా చేయనక్కర్లేదు. కాగితం మీద కాస్త పక్కకు జరిగి చోటివ్వండి. ఆ చోట మా పాత స్కాన్, కొత్త స్కాన్ పక్కపక్కన పడాలి. యంత్రం అదే కంటిని అదే రోజు రెండుసార్లు కొలిచినా నాలుగైదు మైక్రాన్ల తేడా రావడం మామూలే కనుక, అంతకు మించిన తగ్గుదల ఉంటే దాన్ని పెద్ద అక్షరాల్లో వేయమనండి. సిగ్నల్ బలాన్ని మూలనుంచి బయటికి లాగి మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. మీ పట్టికలో ఎంతమంది ఉన్నారో, ఎంత పవర్ ఉన్నవాళ్లను వదిలేశారో ఒక్క వాక్యంలో రాయించండి. ఇవన్నీ యంత్రం లోపల ఎలాగూ ఉన్నవే. మార్పును చూపించే పేజీ కూడా చాలా యంత్రాల్లో ఉంది. ఎవరూ నొక్కని ఒక బటన్ వెనుక పడి ఉంటుంది.

ఇట్లు,
మీ సగటులో ఇమడని కళ్లవాళ్లు

తా.క.: ఈ లేఖ నకలును మీ అన్నగారికి కూడా పంపుతున్నాము. మైనస్ ఎనిమిది అద్దాలవాళ్లు ఆయన్ను మరీమరీ అడిగినట్టు చెప్పండి. పసుపు గారికి ప్రత్యేకంగా రాయడం లేదు. ఆయన ఇంతవరకు ఎటూ తేల్చి చెప్పింది లేదు.