ఎర హుక్‌కి గుచ్చాలా, విడిగా వేలాడదీయాలా?

బంగారుతీగ లాంటి కార్ప్ చేపలకు హుక్ ఎలా కట్టాలన్నది ఈ వాదం. ఎరను నేరుగా ముల్లుకే గుచ్చాలంటాడు అన్న. తమ్ముడిది హెయిర్ రిగ్ పక్షం, అంటే హుక్ వెనక సన్నటి దారం వదిలి దానికి ఎర కట్టే పద్ధతి.

అన్న: ఎర ఒకచోట, ముల్లు ఇంకోచోట ఉంటే చేప ఎర తినేసి పోదూ?

తమ్ముడు: కార్ప్ కొరికి తినదన్నా. దాని దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. నీళ్లతో పాటు ఎరను లోపలికి పీల్చి, తేడా అనిపిస్తే వెంటనే ఊదేస్తుంది. గట్టి బాయిలీలో, అంటే పిండి ముద్దను ఉడికించి చేసిన ఉండ ఎరలో, ముల్లు దాచేస్తే ఇక గుచ్చుకునేదెలా? ఎర విడిగా ఉంటే ముల్లు పూర్తిగా బయటే ఉంటుంది. చేప ఎరను ఊదేసేటప్పుడు వెనకే వచ్చే హుక్ కింది పెదవిలో దిగుతుంది. 1980 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో లెన్నీ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ ఈ రిగ్‌ని తయారు చేసింది ఇందుకే.

అన్న: ఆ దారం పొడవు ఎవరు చెప్పాలి? ఎక్కువైతే చేప ఎరను మాత్రమే నోట్లోకి తీసుకుని వదిలేస్తుంది. మరీ తక్కువైతే ఎర ముల్లుకి అడ్డం పడుతుంది. అప్పుడు నా పద్ధతికీ నీదానికీ తేడా ఏముంది?

తమ్ముడు: అసలు కష్టం అక్కడే ఉంది, ఒప్పుకుంటాను. అందుకే ముందు ఎరను ఎక్కించి, తర్వాతే ముడి వేయాలి. అల్లిక దారం చివర చిన్న ఉచ్చు వేసి, 15 మిల్లీమీటర్ల ఎర ఎక్కించు. 6 లేదా 8 నంబర్ హుక్ సరిపోతుంది. ఎరకీ హుక్ వంపుకీ మధ్య అర సెంటీమీటరు వదిలి దారాన్ని హుక్ నిలువు కాడకి ఆనించు. రెండో కొసను హుక్ కన్నంలో వీపు వైపు నుంచి, అంటే ముల్లుకి ఎదురు వైపు నుంచి దూర్చి, కాడ చుట్టూ ఏడెనిమిది చుట్లు బిగించు. అదే కొసను మళ్లీ వీపు వైపు నుంచే కన్నంలోకి తీసి, తడిపి లాగు. దారం ముల్లున్న వైపుకి రావాలి. తిరగబడితే హుక్ బయటికి వాలిపోయి సరిగా గుచ్చుకోదు. కట్టాక అరచేతి మీద మెల్లగా లాగి చూస్తే ముల్లు కిందికి తిరగాలి. తిరగలేదంటే విప్పి మళ్లీ కట్టు.

అన్న: ముల్లు మొద్దుబారితే ఈ పని అంతా వృథాయే. అది ముందు చూడు. పైగా రొట్టెముక్కకీ, వానపాముకీ ఈ హంగామా ఎందుకు? మెత్తటి ఎరను ముల్లు చీల్చుకుని వస్తుంది.

తమ్ముడు: తేలుడు బెండు చూస్తూ కూర్చుని, కదలగానే లాగేవాడికి నీ మాట నిజమే. గాలం అడుగున వేసి వదిలేసినప్పుడు లాగేదెవరు? సీసపు బరువే ఆ పని చేయాలి.

అన్న: ఆ బరువే నాకు భయం. దారం తెగితే చేప దాన్ని ఈడ్చుకుంటూ తిరగాల్సిందేనా?

తమ్ముడు: క్లిప్‌కి పెట్టు అన్నా, దారం తెగితే బరువు ఊడిపోయేలా. అలా ఊడని రిగ్‌ని నేనూ నీళ్లలో వేయను.