లెక్కలొస్తే సరిపోదండి

"ఫైనాన్స్‌లో పనిచేసినవాళ్లకు స్వచ్ఛంద సంస్థ నడపడం నల్లేరు మీద నడక" అని ఈమధ్య ఓ వ్యాసంలో రాశారు. విశాఖలో గాజువాక వైపు ఓ కంపెనీలో పదహారేళ్లు ఖాతాలు చూసి, మూడేళ్ల కిందట ఎంవీపీ కాలనీలో ఓ చిన్న ట్రస్టు బాధ్యత తీసుకున్నాను. నాకైతే అలా అనిపించలేదండి.

జీతం సగమైంది, అది సరే. అసలు తిప్పలు డబ్బు రకాలతో. కంపెనీలో రూపాయి రూపాయే. ఇక్కడ బడి కోసమని దాత ఇచ్చిన రూపాయిని ఆఫీసు కరెంటు బిల్లుకి వాడకూడదు. విదేశీ నిధులైతే, వాటి చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. పైగా అవి ముందు ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. ఏడాది ఆదాయంలో 85 శాతం ఖర్చవకపోతే ఆదాయపు పన్ను శాఖకు కారణం చెప్పుకోవాలి. మిగులు చూపిస్తే భుజం తట్టే చోటు నుంచి వచ్చినవాణ్ణి కదా, ఇది మింగుడుపడటానికి ఏడాది పట్టింది!

మొదటి నెలలోనే పాడేరు కొండల వైపు వెళ్లి, జీపు ఖర్చుకి బిల్లేదని మా కార్యకర్తను నిలదీశాను. "ఆ జీపుకి నంబరు ప్లేటే నేదు సార్, బిల్లేటిస్తాడు?" అందావిడ. ఆ రాత్రే వోచరు ఫారం మార్చేశాను. చేత్తో రాసి, ఊళ్లో ఒకరు సాక్షి సంతకం పెడితే చాలు.