సపోర్టెడ్ హౌసింగ్‌కి ఇల్లిస్తే లైసెన్స్ అక్కర్లేదు, చెకింగ్ ఉండదు అనే ఫార్వర్డ్‌కి నా జవాబు

ఇంగ్లండ్‌లో ఇళ్లు కొని రెంట్‌కిచ్చుకునే మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో, అందులోనూ బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల గ్రూపుల్లో, ఒక మెసేజ్ ఆగకుండా తిరుగుతోంది. క్లుప్తంగా దాంట్లో ఉన్నది ఇదీ: మీ ఇంటిని సపోర్టెడ్ హౌసింగ్ కంపెనీకి 5 ఏళ్ల లీజుకి ఇచ్చేయండి, లోపల ఉండేవాళ్ల రెంట్ గవర్నమెంటే కడుతుంది కాబట్టి నెలనెలా డబ్బు గ్యారంటీ, ఈ ఇళ్లకి హెచ్ఎంఓ (ఒకే కుటుంబం కానివాళ్లు కిచెన్, బాత్రూమ్ పంచుకుంటూ ఉండే ఇల్లు) లైసెన్స్ అక్కర్లేదు, కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) వాళ్లు చెకింగ్‌కి రారు, లోపల ఏం జరిగినా ఓనర్‌కి సంబంధం లేదు, పైగా నిలువ నీడ లేనివాళ్లకి నీడ ఇచ్చిన పుణ్యం. కొత్త వెర్షన్లలో చివర ఇంకో ముక్క కలిపారు, లైసెన్సింగ్ పెడితే ఈ ఇళ్లన్నీ మూతపడి జనం రోడ్డున పడతారు, అదంతా కౌన్సిల్ దోపిడీ, అందరూ వ్యతిరేకించండి అని.

నేనూ ఇక్కడే ఉంటున్నా, ఒక ఇల్లు రెంట్‌కి ఇస్తున్నా, కాబట్టి ఓనర్ల బాధలు తెలియక రాస్తున్నది కాదు. ఈ మెసేజ్ నమ్మి సంతకాలు పెట్టినవాళ్లు మనలో ఉన్నారు, ఆ ఇళ్లల్లో మగ్గిపోతున్న మనుషులు ఇంకా ఎక్కువ ఉన్నారు, అందుకే ఒక్కో మాటా తీసుకుని రాస్తున్నా, కొంచెం పెద్దదైనా చదవండి.

ముందు ఈ ఇళ్ల సంగతి తెలియనివాళ్ల కోసం. జైలు నుంచి బయటకొచ్చినవాళ్లు, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లు, డ్రగ్స్ మానాలని ప్రయత్నిస్తున్నవాళ్లు, భర్త కొడుతుంటే పారిపోయి వచ్చిన ఆడవాళ్లు, అనాథాశ్రమాల లాంటి చోట పెరిగి 18 దాటగానే బయటికొచ్చిన పిల్లలు, శరణార్థులు, ఇలాంటివాళ్లకి గదితో పాటు తోడుగా నిలబడే మనిషి కూడా కావాలి కదా, దానికోసం పెట్టిన ఏర్పాటు ఇది. మామూలుగా షేర్డ్ రూమ్‌కి హౌసింగ్ బెనిఫిట్, అంటే రెంట్ కట్టుకోలేనివాళ్లకి గవర్నమెంట్ ఇచ్చే సాయం, ఇంతకి మించి ఇవ్వరు అని ఏరియాని బట్టి లిమిట్ ఉంటుంది. నడిపేది లాభాపేక్ష లేని సంస్థ అయి, అక్కడ ఉండేవాళ్లకి చెప్పుకోదగ్గ సపోర్ట్ ఇస్తుంటే ఆ లిమిట్ వర్తించదు. అందుకే ఒక్కో గదికి మామూలు లిమిట్‌కి రెండు రెట్లు దాటి కూడా వస్తుంది. అంత డబ్బు కనబడేసరికి ఎవరెవరో దిగిపోయారు. బ్రిటన్ మొత్తంమీద 2016లో 95,000 కుటుంబాలు ఇలాంటి ఇళ్లల్లో ఉంటే 2021కి 1,53,000 దాటాయి, ఒక్క బర్మింగ్‌హామ్‌లోనే 20,000 మందికి పైగా ఉన్నారు. హ్యాండ్స్‌వర్త్, స్టాక్‌లాండ్ గ్రీన్ వైపు ఉన్న పెద్ద పెద్ద పాతకాలపు ఇళ్లు వరసగా ఇవే అయిపోయాయి.

ఇక మెసేజ్‌లో మొదటి మాట, లైసెన్స్ అక్కర్లేదు అనేది. ఇందులో సగం నిజం ఉంది, ఆ సగాన్ని చూపించే జనాన్ని ముంచుతున్నారు. 2004 హౌసింగ్ యాక్ట్ ప్రకారం ఒకే కుటుంబం కాని 5గురు, అంతకంటే ఎక్కువమంది కిచెనో బాత్రూమో పంచుకుంటూ ఉంటే ఆ ఇంటికి హెచ్ఎంఓ లైసెన్స్ తప్పనిసరి, 2018 అక్టోబర్ నుంచి ఎన్ని అంతస్తులు అన్న లెక్క కూడా లేదు. గవర్నమెంట్ రెగ్యులేటర్ దగ్గర రిజిస్టర్ అయిన హౌసింగ్ అసోసియేషన్ (లాభాపేక్ష లేకుండా పేదవాళ్లకి ఇళ్లు రెంట్‌కిచ్చే సంస్థ) నడిపే ఇంటికి మాత్రం ఇందులో మినహాయింపు ఉంది. అది నిజం. కానీ అది నడిపేవాళ్లకి వచ్చే మినహాయింపు, ఇంటికి పుట్టుకతో వచ్చింది కాదు. మీరు సంతకం పెట్టేది చాలాసార్లు ఆ అసోసియేషన్‌తో కాదు, మధ్యలో ఉన్న ఏదో లిమిటెడ్ కంపెనీతోనో, సమాజసేవ కోసమని పెట్టే సీఐసీ అనే రకం కంపెనీతోనో. వాళ్ల వెనక నిజంగా రిజిస్టర్డ్ అసోసియేషన్ ఉందా, ఉంటే కాగితాల మీదే ఉందా, ఇంటిని చూసుకునేది నిజంగా వాళ్లేనా, ఇవేవీ మెసేజ్ చెప్పదు. అలాంటి అసోసియేషన్ నిజంగా లేకపోతే లైసెన్స్ లేని హెచ్ఎంఓ నడిపిన నేరమే, 2016 చట్టం ఒక్కో నేరానికి 30,000 పౌండ్ల దాకా కోర్టుకి వెళ్లకుండానే పెనాల్టీ వేసే అధికారం కౌన్సిళ్లకి ఇచ్చింది, 2025 చట్టం దాన్ని 40,000కి పెంచింది. పైగా బర్మింగ్‌హామ్‌లో 2023 జూన్ నుంచి 25 వార్డుల్లో మామూలు రెంట్ ఇళ్లకి కూడా లైసెన్స్ పెట్టారు, 3గురు 4గురు ఉండే చిన్న హెచ్ఎంఓలకి ఊరంతా పెట్టారు. కాబట్టి 5గురి కంటే తక్కువే కదా అనుకున్నా కుదరదు.

కౌన్సిల్ చెకింగ్‌కి రాదు అనేది రెండో మాట. ఇది పూర్తిగా అబద్ధం. లైసెన్స్ మినహాయింపు వేరు, ఇల్లు మనుషులు ఉండేలా ఉందా లేదా అనే చట్టం వేరు. చెమ్మ, బూజు, విపరీతమైన చలి, అగ్నిప్రమాదం, మెట్ల మీద జారిపడటం, ఎవడైనా సులువుగా లోపలికి చొరబడేలా తలుపులు ఉండటం, ఇలా 29 రకాల ప్రమాదాల లిస్టు ఉంది, అది హౌసింగ్ అసోసియేషన్ ఇంటికీ వర్తిస్తుంది, చారిటీ ఇంటికీ వర్తిస్తుంది, మీ ఇంటికీ నా ఇంటికీ వర్తిస్తుంది. తీవ్రమైన ప్రమాదం కనబడితే చర్య తీసుకోవాల్సిన బాధ్యత కౌన్సిల్ మీద చట్టం పెట్టింది, తీసుకుంటే తీసుకోవచ్చు అని కాదు. 24 గంటల నోటీసిచ్చి లోపలికి రావచ్చు, లైసెన్స్ లేకుండా నడుపుతున్నారని అనుమానం ఉంటే ఆ నోటీసు కూడా అక్కర్లేదు. ఏటా గ్యాస్ సేఫ్టీ చెక్ తప్పదు, పొగ అలారాల రూలు 2022 అక్టోబర్ నుంచి సోషల్ ల్యాండ్‌లార్డ్‌లకి, అంటే హౌసింగ్ అసోసియేషన్ల లాంటివాళ్లకి కూడా పెట్టారు. అయితే కౌన్సిల్ తరఫున ఒక తప్పు ఒప్పుకోవాలి, ఇన్స్పెక్టర్లు చాలక ఏళ్ల తరబడి ఎవరైనా కంప్లయింట్ ఇస్తేనే కదిలారు, అక్కడ ఉండేవాళ్లేమో కంప్లయింట్ ఇస్తే గది పోతుందని నోరు మూసుకున్నారు. ఎవరూ రాలేదు కాబట్టి రారు అని జనం అనుకోవడానికి అదే కారణం.

గ్యారంటీ రెంట్ దగ్గరికి వద్దాం. గవర్నమెంట్ మీకు ఏ గ్యారంటీ ఇవ్వలేదండీ. కౌన్సిల్ బెనిఫిట్ కట్టేది నడిపే సంస్థకి, అదీ లాభాపేక్ష లేని సంస్థ అయితేనే, సపోర్ట్ నిజంగా ఇస్తుంటేనే. ఈ రెండిట్లో ఏది లేదని తేలినా పేమెంట్ ఆపేస్తారు, ఇచ్చింది వెనక్కి కూడా అడుగుతారు. అప్పుడు ఆ మధ్యలో కంపెనీ మీకు ఏం పెట్టి కడుతుంది? అకౌంట్‌లో ఏమీ లేని కంపెనీ రాసిచ్చిన 5 ఏళ్ల గ్యారంటీని పట్టుకుని కోర్టుకెళ్లినా లాయర్ ఖర్చే మిగులుతుంది. ఈ మధ్యలో మార్ట్‌గేజ్ ఉంది, ఇలాంటి లీజుకి బ్యాంకు పర్మిషన్ అడిగారా? ఇన్సూరెన్స్ వాళ్లకి ఇంట్లో ఎవరు ఉంటున్నారో చెప్పారా? చెప్పకపోతే ఇల్లు తగలబడిన రోజు మీ చేతికి పైసా రాకపోవచ్చు.

ఇక నాకు ఎక్కువ కోపం తెప్పించిన మాట, లోపల ఏం జరిగినా ఓనర్‌కి సంబంధం లేదు అనేది.

మా ఇంట్లో అద్దెకున్న ఒక తమ్ముడు మాస్టర్స్ చేస్తూ వారానికి 20 గంటలు ఇలాంటి ఒక ఇంట్లో సపోర్ట్ వర్కర్‌గా చేశాడు. మన పిల్లలు చాలామంది ఈ పని చేస్తున్నారు, ట్రైనింగ్ ఏమీ ఉండదు, రెండు రోజులు ఎవరి వెనకో తిప్పి వదిలేస్తారు. ఒకసారి వాడిని తీసుకురావడానికి వెళ్లి లోపలికి కూడా వెళ్లా. ముందు హాలుని మధ్యలో పల్చటి జిప్సం బోర్డు గోడ పెట్టి రెండు గదులు చేశారు, ఆ గోడ సరిగ్గా కిటికీ మధ్యకొచ్చి ఆగింది, అంటే ఒకే కిటికీ సగం ఒక గదికి, సగం పక్క గదికి, తెరుచుకునే రెక్క మాత్రం ఒకవైపే ఉంది. రెండోవైపు ఉన్న పెద్దాయన గదిలో గాలి లేదు, గోడ మూలంతా నల్లగా బూజు, మంచం పెట్టాక తలుపు పూర్తిగా తెరుచుకోదు. హెచ్ఎంఓ లైసెన్స్ ఉన్న ఇంట్లో ఒక మనిషి పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లు ఉండాలని రూలు, ఈ గది దానికి దరిదాపుల్లో కూడా లేదు. కిచెన్ ఫైర్ డోర్‌కి దానంతట అది మూసుకునే స్ప్రింగు పీకేసి ఒక పెయింట్ డబ్బా అడ్డం పెట్టారు. పైన అలారం బ్యాటరీ అయిపోయి నిమిషానికోసారి కీచుమంటోంది, అక్కడ ఉండేవాళ్లు దానికి అలవాటు పడిపోయారు.

సపోర్ట్ అంటే మా తమ్ముడు ఒక షీట్ పట్టుకుని తలుపు తట్టి బాగున్నారా అని అడిగి సంతకం తీసుకోవడం, షీట్ మీద మాత్రం బడ్జెటింగ్, మానసిక ఆరోగ్యం, ఉద్యోగ సలహా అని అచ్చు వేసి ఉంది. ఆ పెద్దాయన మాత్రలు అయిపోయి వారమైంది, డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోవడం రాదు, అడిగితే అది మన పని కాదని మేనేజర్ చెప్పాడట. మా తమ్ముడు ఆ ఉద్యోగం మానేశాడు.

ఆ ఇంటి ఓనర్ ఆ గోడ కట్టి ఉండకపోవచ్చు, లోపలికి వచ్చి కూడా ఉండకపోవచ్చు. కానీ ఇల్లు ఆయనది. లీజులో పైకప్పు, బాయిలర్, గోడల రిపేర్ ఓనర్ మీద ఉంటే కౌన్సిల్ నోటీసు ఓనర్‌కే వస్తుంది, అది పాటించకపోతే అది మళ్లీ వేరే నేరం. ఒకరి దగ్గర తీసుకుని ఇంకొకరికి రెంట్‌కిచ్చే కేసుల్లో పైనున్న ఓనర్‌ని రెంట్ వాపసు కట్టమనడం కుదరదని 2023లో ఇక్కడి సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే, ఫార్వర్డ్‌లు చేసేవాళ్లు దాన్నే పట్టుకుని తిరిగారు, కానీ 2025లో వచ్చిన రెంటర్స్ రైట్స్ యాక్ట్ ఆ దారిని మూసేసింది.

పుణ్యం మాట. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది, హౌసింగ్ బెనిఫిట్ అసలు సపోర్ట్‌కి డబ్బు ఇవ్వదు, అది రెంట్‌కి, ఇంటి నిర్వహణకి మాత్రమే. సపోర్ట్‌కి ఒకప్పుడు 2003లో మొదలుపెట్టిన వేరే ఫండ్ ఉండేది, 2009లో దాన్ని సపోర్ట్‌కే ఖర్చుపెట్టాలన్న కట్టుబాటు తీసేశారు, ఆ తర్వాత కౌన్సిళ్ల బడ్జెట్లు తగ్గేకొద్దీ అది కరిగిపోయింది. అంటే సపోర్ట్ ఇస్తే రెంట్ ఎక్కువొస్తుంది, కానీ సపోర్ట్‌కి విడిగా డబ్బు రాదు, ఎంత ఇస్తే సరిపోతుందో కూడా ఎక్కడా గట్టిగా రాసిలేదు. మంచి సంస్థలు చందాలు పోగేసి, గ్రాంట్లు తెచ్చి నిజంగా చూసుకుంటున్నాయి, వాళ్లకి దండం పెట్టాలి. మిగతావాళ్లకి సపోర్ట్ ఎంత తగ్గిస్తే అంత మిగులు. సంస్థ లాభం తీసుకోకూడదు కదా అంటారు, సంస్థ తీసుకోదు, లీజు రూపంలో, మేనేజ్‌మెంట్ ఫీజు రూపంలో పక్క కంపెనీ తీసుకుంటుంది.

పార్లమెంట్ కమిటీ 2022 అక్టోబర్‌లో ఇచ్చిన రిపోర్ట్‌లో ఈ వ్యవస్థ మొత్తం అస్తవ్యస్తం అని తేల్చేసింది, ఇంట్లో హింస నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్లని ఏ అనుభవమూ లేని సంస్థలు తీసుకెళ్లి పెట్టుకుంటున్నాయని కూడా రాసింది. ఇంకోటి, గది రెంట్ అంత ఎక్కువ ఉండటం వల్ల లోపల ఉన్నవాడికి ఉద్యోగం దొరికితే బెనిఫిట్ తగ్గిపోయి ఆ రెంట్ కట్టలేడు, అందుకని ఉద్యోగం చేయడానికే భయపడతాడు. మనిషిని నిలబెట్టాల్సిన ఇల్లే వాడిని కూర్చోబెట్టేస్తోంది.

చివరిది, లైసెన్సింగ్ వస్తే అంతా మూతపడుతుంది, అది దోపిడీ అనేది. లైసెన్స్ ఫీజు ఆ స్కీమ్ నడపడానికి అయ్యే ఖర్చుకి సరిపడా మాత్రమే తీసుకోవాలి, లాభం చేసుకోవడానికి వీల్లేదు. నిజానికి ఈ ఇళ్ల వల్ల కౌన్సిళ్లే నష్టపోతున్నాయి, నడిపే సంస్థ రిజిస్టర్డ్ అసోసియేషన్ కాకపోతే కట్టిన బెనిఫిట్‌లో కొంత కేంద్రం నుంచి వెనక్కి రాదు, అది కౌన్సిల్ నెత్తినే పడుతుంది.

బాబ్ బ్లాక్‌మన్ అనే ఎంపీ పెట్టిన బిల్లు 2023 జూన్ 29న చట్టమైంది. అందులో దేశమంతటికీ ఒకే సపోర్ట్ ప్రమాణాలు, కౌన్సిళ్ల ద్వారా లైసెన్సింగ్, ఏ ఏరియాలో ఇలాంటి ఇళ్లు ఎన్ని కావాలో కౌన్సిల్ లెక్కేసి ప్లాన్ రాయడం, ఇవన్నీ ఉన్నాయి. లైసెన్సింగ్ రూల్స్ ఎలా ఉండాలని గవర్నమెంట్ 2025 ఫిబ్రవరిలో కన్సల్టేషన్ పెట్టింది. ఇంత ఆలస్యం చేసినందుకు గవర్నమెంట్‌ని తిట్టాలి, చట్టం తెచ్చినందుకు కాదు. చిన్న మంచి సంస్థలకి కాగితాల భారం పెరుగుతుందన్న భయం మాత్రం న్యాయమైనదే, మహిళల షెల్టర్లు నడిపేవాళ్లు కూడా ఆ మాట అంటున్నారు, వాళ్లకి ఫీజులోనూ ఫారాల్లోనూ వెసులుబాటు ఇవ్వాల్సిందే. కానీ వాళ్ల పేరు అడ్డం పెట్టుకుని కిటికీని రెండుగా కోసినవాడు మాట్లాడితే ఒప్పుకోలేం. జనం రోడ్డున పడతారు అంటారు కదా, ఈ ఇళ్ల నుంచి ఇప్పుడే పడుతున్నారు, చాలామందికి టెనెన్సీ (అద్దెకుండేవాడిగా హక్కులిచ్చే ఒప్పందం) కూడా ఉండదు, చిన్న నోటీసుతో సామాను బయటపెడతారు. ప్రమాణాలు లేని ఇల్లు వదిలి వచ్చినవాళ్లని, నువ్వే కావాలని ఇల్లు వదిలావు కాబట్టి సాయం చెయ్యం అని కౌన్సిల్ తిప్పి పంపకూడదు అని కూడా ఇదే చట్టంలో ఉంది. ఫార్వర్డ్‌లో ఆ లైను ఒక్కసారి కూడా కనబడలేదు.

ఇప్పటికే ఇల్లు ఇచ్చేసినవాళ్లు కంగారు పడకండి, కానీ ఈ వారంలోనే కొన్ని పనులు చేయండి. లీజులో ఎదుటి పార్టీ పేరు ఎవరిదో చూడండి, రిజిస్టర్డ్ హౌసింగ్ సంస్థల లిస్టు గవర్నమెంట్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, ఆ పేరు అందులో ఉందో లేదో వెతకండి. గ్యాస్ సర్టిఫికెట్ కాపీ, లోపల ఎంతమంది ఉంటున్నారో లెక్క, గదుల కొలతలు రాతలో అడగండి, లీజు ప్రకారం ముందే చెప్పి వెళ్లి ఇల్లు మీ కళ్లతో చూసి రండి. వాళ్లు ఏదో వంక పెట్టి మిమ్మల్ని లోపలికి రానివ్వకపోతే ఇంకెవరినీ అడగక్కర్లేదు, కౌన్సిల్ హౌసింగ్ టీమ్‌కి మీరే ఫోన్ చేయండి.